లేని సాలెగూడు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. తెల్లారిందనడానికి లేదు, తెల్లారలేదనడానికీ లేదు. తూర్పున మబ్బు పాత దుప్పటి ఆరేసినట్టు వేలాడుతుంటే, దాని వెనకాల ఎక్కడో సూర్యుడు ఉన్నాడన్న గుర్తుగా ఒక అంచు మాత్రం పలచబడింది. అలాంటి పొద్దు కెమెరాలకి గిట్టదు. చీకట్లో నలుపు తెలుపుల్లో చూసే ఆ కళ్ళు చాలినంత వెలుతురు పడితేగాని రంగుల్లోకి తిరగవు. ఏడున్నరకి అతను తెరల ముందు కూర్చునేసరికి గోదాములోని ముప్ఫై ఎనిమిది కెమెరాల్లో సగం రంగుల్లోకి వచ్చేశాయి, సగం ఇంకా రాత్రే అనుకుంటున్నాయి. ఒకే ఆవరణ, ఒకే లారీ, ఈ తెరలో ఎర్రగా, పక్క తెరలో బూడిద రంగులో. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నదే. రెండిట్లో ఏది నిజమని ఎవరైనా అడిగితే రెండూ నిజమేనని చెప్పి ఊరుకునేవాడు, నిన్నటి దాకా.

ఇప్పుడు పదకొండు దాటింది. ఆఫీసు రెండో అంతస్తు వరండాలో, విచారణ గది బయట, చెక్కబల్ల మీద కూర్చున్నాడు. లోపల బావ ఉన్నాడు. అక్క మొగుడు, గోదాముకి సెక్యూరిటీ సూపర్‌వైజరు, తనని ఈ ఉద్యోగంలో పెట్టినవాడు. లోపలికి వెళ్తూ చేతిలోని మూట ఈ బల్ల మీద పెట్టి, "చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా," అన్నాడు. మూటంటే రెండు అన్నం డబ్బాలు, ఒకదాని మీద ఒకటి పెట్టి అక్క ఒకే గుడ్డలో కట్టేస్తుంది. రెండు వేర్వేరు సంచుల్లో పెట్టవచ్చుగా అంటే, అప్పుడు ఎవరి దారిన వాళ్ళు తినేస్తారుగా అంటుంది. ఆ ముడి అక్క ఎలా వేస్తుందో, లాగితే రాదు, ఓపిగ్గా గోటితో తీయాలి. ముందు వచ్చినవాడు రెండోవాడి కోసం ఆగాల్సిందే. పద్నాలుగేళ్ళు ఇద్దరూ అలాగే ఆగారు. మూట ఇంకా వెచ్చగా తొడకి తగులుతోంది, కాస్త పక్కకి జరిగాడు, అయినా ఆ వెచ్చదనం బల్ల చెక్కలోంచి వస్తున్నట్టే ఉంది. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాయితం. దాన్ని తడుముకోకూడదని ఇప్పటికి పదిసార్లు అనుకున్నాడు, పదకొండోసారి తడుముకున్నాడు. తలుపు పైన ముప్ఫై ఒకటో నంబరు కెమెరా తననే చూస్తోంది. దాన్ని బిగించింది తనే. ఎడమ పక్క మర ఒకటి సరిగా పట్టలేదు, అప్పుడే మార్చుదామనుకుని వదిలేశాడు, ఆరేళ్ళయింది.

ఎదురు బల్ల మీద లేబుళ్ళ అమ్మాయి కూర్చుంది. అమ్మాయంటే ముప్ఫై అయిదేళ్ళుంటాయి, పెట్టెల మీద లేబుళ్ళు అంటించే పని, పదేళ్ళుగా అందరికీ లేబుళ్ళ అమ్మాయే. కుడికాలు మోకాలు దిగువ నుంచి కట్టుతో దిమ్మలా చాచి ఉంది. చంకకర్ర గోడకి ఆనించి ఉంటే, నేల నున్నదనానికి అది కొంచెం కొంచెం జారుతోంది, ఆమె మళ్ళీ మళ్ళీ సర్దుతోంది. కూర్చున్న అరగంటలో ఆమె అతని వంక చూడలేదు, అతను ఆమె కాలి వంక తప్ప చూడలేదు. చివరికి ఆమే పలికింది.

"టీవీ అన్నయ్యా."

గోదాములో అతన్ని అందరూ టీవీ అంటారు.

"ఆమధ్య నా గొడుగు పోతే రెండు గంటలు కూర్చుని వెతికిపెట్టావు, గుర్తుందా? మరి నా కాలెటు పోయిందో కాస్త వెతకలేకపోయావా?"

నవ్వుతూనే అంది.

"నేను గీత దాటి నడిచానంట," ఆమె చంకకర్ర సర్దుకుంటూ అంది. "పెట్టెలు మోసే బండి వెనక్కొస్తుంటే దీపం మిణుకుమిణుకుమంటుందంట, కూత కూస్తుందంట. చెవుల్లో పాటలు పెట్టుకుని నేనే పట్టించుకోలేదంట. పాటలు వినడానికి నాకు ఫోనెక్కడిది అన్నయ్యా? ఉన్న డబ్బా ఫోనులో అవతలోళ్ళ మాటే సరిగా వినబడి చావదు."

అతను తలూపాడు. తలూపడం అతనికి మాటతో సమానం. గొడుగు రోజు కూడా ఇంతే, నీలం గొడుగు, పిడి విరిగి తాడు చుట్టింది, ఎవరో లారీ డ్రైవరు పొరపాటున పట్టుకుపోతుంటే నాలుగో నంబరు తెరలో పట్టుకున్నాడు. ఆమె దణ్ణం పెట్టబోతే చేతులడ్డం పెట్టి తలూపి వచ్చేశాడు. వీడు మాట్లాడడు సార్, చూస్తాడు. బావ మాట అది. ఊళ్ళో పదో తరగతి అయ్యాక రెండేళ్ళు ఏ పనీ కుదరక గట్టు మీద కూర్చుని ఎవరి గేదె ఎవరి చేలో పడుతోందో చూసుకుంటూ ఉన్న తనని, బావే వచ్చి, ఒరేయ్ ఇదే పని నీడపట్టున కూర్చుని చేస్తావా అని తీసుకొచ్చాడు. మేనేజరు ముందు నిలబెట్టి భుజం మీద చెయ్యేసి, చూసే పనికి వీడిని మించినోడు దొరకడు సార్, చూసింది కడుపులోనే పెట్టుకుంటాడు అన్నాడు. ఆ రోజు ఆ మాటకి ఎంత పొంగిపోయాడో. ఇప్పుడు అదే మాట పంటి కింద రాయిలా తగులుతోంది. కడుపులోనే పెట్టుకుంటాడు. బావ ఆనాడే అంచనా కట్టాడా? ఛ, లేదు, మనిషి అంత లోతు కాదు. కాదనే అనుకున్నాడు నిన్నటి దాకా.

లోపల బావ నవ్వు వినిపించింది. విచారణ గదిలో కూడా నవ్వగలడు బావ. ఎక్కడైనా నాలుగు మాటలకి ఒక నవ్వు కలిపి వడ్డిస్తాడు. తర్వాత ఎవరో ఆడగొంతు ఏదో అడిగింది, ఆవిడే బయటి నుంచి వచ్చిన విచారణాధికారి. మళ్ళీ బావ గొంతు, ఈసారి నెమ్మదిగా, మాటలు అందట్లేదు, ఒక్క ముక్క మాత్రం తలుపు సందులోంచి జారిపడింది. యాంటీవైరస్. ఆ మాట పలకడం బావకి నేర్పింది తనే. మొదట్లో అంటువైరస్ అనేవాడు, ఇంట్లో అక్కకి కూడా అదే నేర్పాడు.

ఆ యంత్రాలు పెట్టిన మనిషి మొదటి రోజు చెప్పిన పాఠం అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అర్థమైంది మాత్రం తన పద్ధతిలోనే, ధాన్యం బస్తాల లెక్కన. కెమెరాల నుంచి బొమ్మలు రాత్రీ పగలూ తెగకుండా బస్తాల్లా దిగుతూనే ఉంటాయి, రికార్డింగ్ మిషన్ వాటిని కొట్లో పేరుస్తూనే ఉండాలి, చెయ్యి ఆగకూడదు. యాంటీవైరస్ ఉందే, అది గుమ్మంలో కాపలావాడు. ప్రతి బస్తా మూతీ విప్పి, చెయ్యి పెట్టి, లోపల పురుగుందేమో చూడ్డం దాని పని. మంచివాడే, ఉండాల్సిందే, లేకపోతే దొంగ సరుకు దూరుతుంది. కానీ ఈ బస్తాల దగ్గర వాడు కాలు అడ్డం పెట్టాడా, వెనక వరుసంతా ఆగిపోతుంది, బొమ్మలు నేలపాలవుతాయి, ఒక్కోసారి కొట్లో పేర్చినవి కూడా చెడిపోయి తెరవబోతే తెరుచుకోవు. అందుకని వాడికి ముందే ఒక చీటీ రాసివ్వాలి, ఫలానా నాలుగు కొట్ల జోలికి పోవద్దని. దాన్ని మినహాయింపుల జాబితా అంటారు. మిషన్‌లో నాలుగు డిస్కులు, జాబితాలో నాలుగు వరుసలు. మొదటిది ముందు గేటు, రెండోది గోదాము లోపల, మూడోది లారీలు ఆగే దిమ్మె, నాలుగోది ప్రహరీ, వెనక గేటు. ఆ నాలుగు వరుసలూ అట్టముక్క మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకున్నాడు. సోదా చెయ్యకుండా వదిలేసేవాటి జాబితా. దాన్ని అతను రోజూ ఉదయం చదివేవాడు, పళ్ళు తోముకున్నంత మామూలుగా.

ఒక్కసారే దెబ్బ తిన్నాడు. రెండేళ్ళ కిందట యాంటీవైరస్ కొత్తది వేస్తే పాత జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోయింది, నాలుగు వరుసలకి నాలుగూ. అతను సెలవులో ఉండి చూసుకోలేదు. మూడు రోజుల బొమ్మలు చిల్లులు పడ్డ జల్లెడలా మిగిలాయి. అదృష్టం కొద్దీ ఆ మూడు రోజుల్లో గోదాములో ఏమీ జరగలేదు, ఒక హెచ్చరిక ఉత్తరంతో సరిపోయింది. కానీ అతనికి సరిపోలేదు. ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని, జన్మలో మొదటిసారి తనంతట తానే గంట మాట్లాడాడు. ఏ వరుస ఏ డిస్కుదో, అది పోతే ఏమవుతుందో, బయటికి ఎలా కనిపిస్తుందో, తప్పు తనదేనని ఎలా తెలిసిందో, అన్నీ విప్పి బావ ముందు పెట్టాడు. బావ శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ప్రశ్నలు కూడా వేశాడు. "అంటే, చూసేవాళ్ళకి అది స్కాన్ వల్ల పోయిందో, ఎవరైనా చెరిపితే పోయిందో తేడా తెలీదా?" అన్నాడు. "తెలీదు బావా, అది రాసుకునే చిట్టా చూస్తే తప్ప," అన్నాడు తను. "సర్లే, ఇంత చిన్నదానికి ఏడుపు మొహం ఎందుకురా, అక్క చూస్తే నేనేదో అన్నాననుకుంటుంది," అని బావ వీపు చరిచాడు. ఆ మర్నాడే, మళ్ళీ ఎప్పుడైనా మంచాన పడితే ఎలా అని, పాస్‌వర్డు బావకి తనే చెప్పాడు. అది అక్క పుట్టినరోజు. బావ కాయితం మీద రాసుకోలేదు. "ఇది మర్చిపోతే మీ అక్క నన్ను బతకనిస్తుందా?" అని నవ్వాడు.

ఎంత బాగా విన్నాడు బావ. మనిషి మనసు విప్పుకుంటుంటే అంత ఓపిగ్గా వినేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

చంకకర్ర జారి నేల మీద పడింది. చప్పుడుకి ఉలిక్కిపడి లేచి తీసి ఇచ్చాడు. "కూర్చో అన్నయ్యా, దీనికి రోజూ ఇదే పని, నాకంటే దీనికే నేల మీద ఆశ," అంది ఆమె. చంకకింద ఆనే చోట గుడ్డ చుట్టి ఉంది, నీలం గుడ్డ. గొడుగుదా? అడగలేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కూడా ఏమీ అడగలేదు. వార్డు గుమ్మం దాకా వెళ్ళి, ఆమె తల్లి ఎవరు నాయనా అంటే గోదాము నుంచండి అని, తెచ్చిన పళ్ళు అక్కడే కుర్చీలో పెట్టి తిరిగొచ్చేశాడు. లోపలికి ఏ మొహంతో వెళ్తాడు? నా మతిమరుపు వల్ల నీ సాక్ష్యం పోయిందమ్మా అని చెప్పే నోరు లేదు. ఇరవై రోజులు ఆ మాటని నమ్మాడు. ఇరవై రోజులు అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. "తినరా, నువ్వు పస్తుంటే ఆ కాలు అతుక్కుంటుందా?" అని బావే గుడ్డు ఒలిచి తన మూతలో వేసేవాడు. బావకి గుడ్డు పడదు, అయినా అక్క ఇద్దరికీ చెరొకటి పెడుతుంది, రెండోది ఎప్పుడూ తనదే. ఆ ఇరవై రోజులూ రెండు గుడ్లూ తనే తిన్నాడు. బావ చేత్తో ఒలిచినవి. ఆ చెయ్యి వణకలేదా ఒక్కసారైనా? చూసే పనికి నిన్ను మించినోడు లేడన్నాడే, మరి ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి నువ్వెందుకు చూడలేదు? చూసే పనిలో ఉన్నవాడికి ఇల్లు ఒక్కటే చూడనక్కర్లేని చోటు. దాని జోలికి పోవద్దని చీటీ తనే రాసిచ్చుకున్నాడు.

ఆ గురువారం. నాలుగింటికి పది నిమిషాల తక్కువ. దిమ్మె వైపు నుంచి అరుపు, పరుగులు. అతను అప్పుడు తెరల గదిలో లేడు, కింద గోదాములో తెగిన తీగ ఒకటి అతుకుతున్నాడు. అందరితో పాటు పరిగెత్తాడు, పెట్టెలు మోసే బండి వెనక చక్రం, ఆమె కాలు, చెదిరిన లేబుళ్ళు నేలంతా తెల్లగా. అంబులెన్స్ వెళ్ళిపోయాక ఫోను, బావ గొంతు, "ఒరేయ్, రెండో గేటు కెమెరాకి సాలెగూడు పట్టిందిరా, తెర మీద ఏమీ కనబడట్లేదు. ఇవాళే పెద్దోళ్ళు దిగుతారు, అన్నీ చూస్తారు, నిచ్చెన తీసుకెళ్ళి దులిపి రా." రెండో గేటంటే వెనక గేటు, ప్రహరీ చివర, నడిస్తే పది నిమిషాలు. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళాడు. ఎక్కాడు. సాలెగూడు లేదు. దారప్పోగు కూడా లేదు. అద్దం తళతళలాడుతోంది, వారం కిందటే తుడిచాడు కదా. పాపం బావ, కంగారులో ఇంకో తెర చూసుంటాడు అనుకున్నాడు. వచ్చినందుకు ఊరికే దిగిపోవడం ఎందుకని, జేబురుమాలు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే ఊది ఊది తుడిచాడు. తీరిగ్గా తుడిచాడు. కింద ఎవరిదో పిల్లి ఒకటి పడుకుని ఉంది గోడ మీద, అది కూడా తనని చూసింది.

తిరిగొచ్చేసరికి అయిదు. మేనేజరు ఫోను, దిమ్మె కెమెరా చూపించమని. మూడు నుంచి నాలుగు దాకా ఆ గంట తెరుచుకోలేదు. నల్లటి తెర. పక్కన యాంటీవైరస్ ఆ మూడో డిస్కు మీద కూర్చుని బస్తాలు విప్పుతూ ఉంది. మళ్ళీ జాబితా, మళ్ళీ నేనే. వెనక నిలబడ్డ బావ భుజం పట్టుకున్నాడు. "నువ్వేం ముట్టుకోకు. విచారణ అయ్యేదాకా ఆ చిట్టాల జోలికి అసలు పోకు, ముట్టుకుంటే నువ్వే చెరిపావంటారు." ఎంత ముందుచూపు! అప్పుడు ఆ మాటకి కృతజ్ఞతతో కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి. ఆ సంగతి తల్చుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తోంది. నమ్మడం కాదు, నమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం. వాటిని వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియడం లేదు.

నిన్న పొద్దున్న విచారణాధికారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, యాంటీవైరస్ రాసుకున్న చిట్టా అచ్చు తీసి తెమ్మని. మధ్యాహ్నం తెరిచాడు. తన తప్పుని తను చూసుకోవడానికి గుండె చిక్కబట్టుకుని తెరిచాడు. నాలుగు వరుసలూ పోయి ఉంటాయనుకున్నాడు. మూడు ఉన్నాయి. పోయింది ఒక్కటే, మూడోది. కొత్తది వేస్తే నాలుగూ పోతాయి, మర్చిపోతే నాలుగూ పోతాయి. మతిమరుపు వరుస చూసి ఏరుకోదు. పోయిన టైము గురువారం నాలుగు ఇరవై ఎనిమిది. ఆమె కాలు నలిగాక ముప్ఫై ఎనిమిది నిమిషాలకి. చేసింది అతని పేరుతో, అతని పాస్‌వర్డుతో, సెక్యూరిటీ గదిలోని కంప్యూటర్ నుంచి. ముందు ఆ గంట చెరిపి, తర్వాత వరుస తీసి, ఆ పైన స్కాన్ తోలారు, పాత తప్పు మళ్ళీ జరిగినట్టే ఉండాలని. తన తప్పుని అచ్చు గుద్దారు. మెట్ల మీద కూర్చుని తను విప్పి చూపించిన తప్పుని.

అప్పటికీ మనసు ఒప్పుకోలేదు. ఇంకెవరైనా కావచ్చు అనుకున్నాడు, పాస్‌వర్డు ఎవరైనా చూసి ఉండవచ్చు అనుకున్నాడు. అనుకుంటూనే నాలుగో డిస్కు తెరిచి, రెండో గేటు కెమెరాలో ఆ గురువారం నాలుగు ఇరవై ఎనిమిది పెట్టాడు. తెర నిండా ఒక మొహం. అంత దగ్గర నుంచి తన మొహాన్ని తను ఎప్పుడూ చూసుకోలేదు. ముక్కుపుటాలు, రెండు రోజుల గడ్డం, పళ్ళ మధ్య నాలిక చివర. లేని సాలెగూడుని శ్రద్ధగా తుడుస్తున్నాడు. ఊదుతున్నాడు, తెర మసకబారుతోంది, రుమాలుతో తుడుస్తుంటే మళ్ళీ తేటపడుతోంది, మళ్ళీ అదే మొహం, ఎవరో ఏదో చెప్తే చేసేసే మొహం. దాన్ని నాలుగుసార్లు వేసి చూశాడు. బావ మీద కోపం రాలేదు, ఆ మొహం మీద వచ్చింది.

ఎందుకు చేశాడో తెలుసుకోవడం కష్టం కాలేదు. పెట్టెలు మోసే బండ్లని రోజూ ఉదయం చూసి, వెనక దీపం వెలుగుతోంది, కూత పనిచేస్తోంది అని రిజిస్టరులో సంతకం పెట్టేది బావ. ఆ గంట చెరిపేశాడు సరే, దాని ముందు రోజులు? మూడో డిస్కులో ఒక్కో రోజే వెనక్కి వెళ్ళాడు. బండి వెనక్కి వస్తోంది, దీపం లేదు. బుధవారం లేదు, మంగళవారం లేదు, తొమ్మిది రోజులు లేదు. తొమ్మిది రోజులూ రిజిస్టరులో బావ సంతకం ఉంటుంది, పక్కకి వాలిన గుండ్రటి సంతకం. మిషన్‌లో ముప్ఫై రోజులవే నిలుస్తాయి, ముప్ఫై ఒకటో రోజు మొదటిదాన్ని తినేస్తుంది. ఇంకో పది రోజులు విచారణ సాగదీసి ఉంటే అన్నీ వాటంతట అవే పోయేవి. ఆ తొమ్మిది రోజుల్నీ చెరగకుండా తాళం వేసి, చిట్టా అచ్చు తీసి, నాలుగు మడతలు పెట్టాడు. పెడుతుంటే గుర్తొచ్చింది, తను ఉండేది అక్కా బావల ఇంటి మేడ మీది గదిలో అని. తినేది అక్క చేతి అన్నమని. ఈ కాయితం విప్పితే ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? విప్పకపోతే?

తలుపు తెరుచుకుంది. బావ బయటికి వచ్చాడు, లేబుళ్ళ అమ్మాయిని చూసి, "ఏమ్మా, కాలెలా ఉంది? జాగ్రత్త," అన్నాడు. ఆమె చంకకర్ర ఇంకో వైపుకి మార్చుకుంది. బావ అతని పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"అంతా మాట్లాడేశానురా. పెద్దగా ఏం లేదు. పోయినసారి లాగే జాబితా చూసుకోలేదని చెప్పు. ఇంకో ఉత్తరం ఇస్తారు, అంతే, ఉద్యోగానికి ఏం కాదు. నాది పూచీ."

అతను బావ చేతుల వంక చూశాడు. వేళ్ళు మూట ముడి మీద ఆడుతున్నాయి.

"బావా."

"ఊఁ?"

"ఆ రోజు రెండో గేటు దగ్గర సాలెగూడు లేదు."

వేళ్ళు ఆగాయి. బావ నవ్వబోయాడు, సగంలో ఆ నవ్వు ఎటు పోవాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది.

"ఉంటే ఏం, లేకపోతే ఏంరా, ఇప్పుడెందుకది?"

"అద్దం శుభ్రంగానే ఉంది. నేనే ఊరికే తుడిచాను."

బావ పక్కకి తిరక్కుండానే, "నీకైతే ఒక ఉత్తరంతో పోతుంది," అన్నాడు. "నేనైతే పోతాను. మీ అక్క పోతుంది. ఆలోచించుకో."

లోపల్నుంచి పిలిచారు. లేచాడు. వీపు మీద బావ చూపు కన్నా ఎదురు బల్ల మీది కట్టుకాలు ఎక్కువ బరువుగా ఉంది. గదిలో పొడుగు బల్ల, ఒక చివర మేనేజరు, మధ్యలో విచారణాధికారి, కళ్ళజోడు దించుకుని రాసుకుంటున్న పెద్దావిడ. గాజు కిటికీ అవతల మబ్బు ఇంకా విడలేదు, అయినా కింద ఆవరణ రంగుల్లోనే కనిపిస్తోంది, ఎర్ర లారీ ఎర్రగా. ఆవిడ మర్యాదగానే అడిగింది.

"మినహాయింపుల జాబితా మీరు చూసుకోవడం మర్చిపోయారని అంటున్నారు. నిజమేనా?"

అవునంటే ఒక్క మాటే కదా. తలూపినా చాలు. పద్నాలుగేళ్ళుగా తలూపుతూనే ఉన్నాడు. తలూపితే సాయంత్రం అక్క తలుపు తీస్తుంది, కాళ్ళు కడుక్కోండి అంటుంది, బయట బల్ల మీద ఉన్న ఆ చంకకర్ర జారుతూ ఉంటుంది, జారుతూనే ఉంటుంది. ఊది తుడిచే ఆ మొహం జన్మంతా తన మెడ మీదే ఉంటుంది.

"మర్చిపోతే నాలుగూ పోతాయండి," అన్నాడు. "ఒక్కటే పోయింది."

మేనేజరు కుర్చీలో కదిలాడు. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"మరి ఎవరు తీశారు?"

అతను జేబులోంచి కాయితం తీసి, నాలుగు మడతలూ ఒక్కొక్కటే విప్పి, అరచేత్తో సాపు చేసి ఆవిడ ముందు పెట్టాడు. "ఏ గది నుంచి తీశారో ఇందులో ఉందండి. అప్పుడు నేనెక్కడున్నానో రెండో గేటు కెమెరాలో ఉంది." ఊపిరి పీల్చుకున్నాడు. "దిమ్మె దగ్గర ఆ బండికి ప్రమాదానికి ముందు తొమ్మిది రోజులూ దీపం వెలగలేదు. అవి పోకుండా తాళం వేశాను. ఎప్పుడు చూస్తామన్నా చూపిస్తాను." పేరు చెప్పలేదు. ఆవిడ అడగలేదు. ఆ గది ఎవరిదో మేనేజరుకి తెలుసు, ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అతను బయటికి వచ్చేసరికి వరండాలో బావ లేడు, మూటా లేదు. లేబుళ్ళ అమ్మాయిని లోపలికి పిలుస్తున్నారు. ఆమె లేవబోతుంటే చంకకర్ర అందించాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. అతను తలూపలేదు. "బొమ్మలున్నాయమ్మా," అన్నాడు, అంతే.

క్యాంటీన్లో చివరి బల్ల దగ్గర బావ కూర్చుని ఉన్నాడు. మూట ముందు పెట్టుకుని ఉన్నాడు, ముడి విప్పలేదు. చుట్టూ ప్లేట్ల చప్పుడు, ఎవరో జోకు వేస్తే ఎవరో నవ్వారు, నీళ్ళ కుళాయి దగ్గర వరుస. అతను ఒక నిమిషం గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకో బల్ల ఖాళీగానే ఉంది. వెళ్ళి బావ ఎదురుగా కూర్చున్నాడు. బావ అతని మొహంలోకి చూశాడు, అక్కడ చదవాల్సింది చదివేసుకున్నాడు, కళ్ళు దించుకుని ముడి మీద వేళ్ళు పెట్టాడు. ముడి రాలేదు. వేళ్ళు వణుకుతున్నాయి, ఈసారి అతను చూశాడు. కాసేపు చూసి, చెయ్యి చాపి, బావ వేళ్ళు పక్కకి నెట్టి, గోటితో ఓపిగ్గా ముడి తీశాడు. పైడబ్బా బావది, కిందిది తనది. డబ్బా నిండుగా వెనక్కి వెళ్తే అక్క గుమ్మంలోనే అడుగుతుంది, ఏమైందని. సాయంత్రం ఎలాగూ తెలుస్తుంది. సాయంత్రం దాకా అయినా తెలియకూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అందుకే ఇద్దరూ మూతలు తీశారు. బావ గుడ్డు ఒలిచాడు. పెంకు ముక్కలు ముక్కలుగా వచ్చింది, తెల్లసొన కూడా కొంత దానితో పాటే ఊడింది. అలవాటు కొద్దీ చెయ్యి అతని మూత వైపు వచ్చి, సగం దారిలో ఆగి, వెనక్కి వెళ్ళింది. బావ ఆ గుడ్డుని తన నోట్లోనే పెట్టుకున్నాడు. పడదు బావకి. నమిలాడు, మింగాడు, నీళ్ళు తాగాడు. అతను తన గుడ్డు తను ఒలుచుకున్నాడు. అన్నం చల్లారిపోయింది. ఇద్దరూ తలలెత్తకుండా, అడుగున ఒక్క మెతుకు మిగలకుండా తిన్నారు.